విత్తనముల నిద్ర



విత్తు తడినేలలో పడినంతనే మొలకెత్తునని మనమందఱము చిన్ననాటినుండి నమ్ముచుందుము. నీరు, గాలి, తగిన వెచ్చదనము - ఈ మూడును సమకూడినచో మొలక రాక తప్పదని బడిపిల్లలును వల్లించుచుందురు. పెసలు, మినుములు, మెంతులు మున్నగువాని విషయమున నిది సత్యమే. రాత్రి నానవేసి గుడ్డలో మూటగట్టిన పెసలు రెండవ దినముననే తెల్లని మొలకలు చూపును. కాని పండ్లచెట్ల విత్తనములకడకు వచ్చునప్పటి కీ సూత్రము పలుమాఱు తప్పుచున్నది. ఒక విత్తు నాటిన పదునైదు దినములలో తల యెత్తును. మఱియొకటి నెలల తరబడి నేలలో నుండియు ఉలుకదు, పలుకదు. వేఱొకటి పక్షము దినములు అలమారులో నుంచినంత మాత్రమున చచ్చిపోవును. ఈ భేద మెఱుగనిచో మన శ్రమయు, కాలమును, ఒక్కొక్కప్పుడు తిరిగి సంపాదింపరాని మేలిజాతి విత్తనమును గూడ కోల్పోవలసి వచ్చును.

ఈ సంగతి యిప్పుడు ప్రస్తావించుటకు కారణ మొక సోదరి వ్రాసిన యుత్తరము. ఆమెది మా మోపిదేవికి కొలది క్రోసుల దూరముననున్న యొక లంకగ్రామము. వారి పిల్లలు ఆపిలుపండు తిని గింజలు దాచిరట. ఎవరో చెప్పగా ఆ గింజలను తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో రెండున్నర నెల లుంచిరి. వానిలో కొన్ని మొలచినవి. ఆ వింత చూచి యామె, తమ పెరటిలోని ముసలి మామిడిచెట్టు కాయల టెంకలను పదునెనిమిదింటిని అట్లే చలిలో భద్రపఱచెను. ఆ చెట్టు ఆమె అత్తగారి అత్తగారు నాటినది. ఇల్లు పెంచుటకై దానిని కొట్టివేయ నిశ్చయించిరి. చెట్టు పోయినను దాని వంశము నిలువవలెనని యామె కోరిక. శ్రావణమాసమున తీసి నాటగా ఒక్క టెంకయు మొలవలేదు. "ఆపిలునకు మేలు చేసిన చలి మామిడి కేల కీడు చేసినది? చెట్టు ఇంకను నిలిచియున్నది గాని యీ యేటి కాయలు ముగిసినవి. ఇప్పు డేమి చేయుదును?" అని యామె ప్రశ్న. ఇట్టి సందేహము పలువురకు గలుగునదే కావున ఈ నెల పుటలను దీనికే వినియోగించుచున్నాను.

మన యిండ్లలో ముత్తవ్వలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర పాట మీరందఱు నెఱుగుదురు. రామలక్ష్మణులు వనవాసమునకు పోయిన పదునాలుగేండ్లును ఊర్మిళ శయ్యపై నిద్రించినది. వనమున లక్ష్మణుడు రెప్ప వేయలేదు. ఆతని నిద్ర కూడ ఈమెయే పోయినదని చెప్పుకొందురు. ఇక కుంభకర్ణుని నిద్ర యొక తీరు. భేరీలు మ్రోగించి, శూలములతో పొడిచి, ఏనుగులచే త్రొక్కించినగాని యాతడు లేవడు. పండ్లచెట్ల విత్తనములలో నీ మూడు విధములును గలవు. గడువు తీఱినగాని లేవని ఊర్మిళలు కొన్ని. దెబ్బ తగిలినగాని లేవని కుంభకర్ణులు కొన్ని. నిద్రయే యెఱుగని లక్ష్మణులు కొన్ని. ఏది యే జాతిదో తెలిసికొన్నచో తక్కినదంతయు సులభము.

మొదట ఊర్మిళ సంగతి చూతము. ఆపిలు, పేరి, పీచి, చెర్రీ, ఆప్రికాటు - ఇవి చలిదేశపు చెట్లు. ఆపిలునకు పుట్టినిల్లు మధ్య ఆసియాలో, కజకిస్థాను దేశమునందలి తియన్ షాన్ పర్వతములు. అచ్చట పండు శరత్కాలమున రాలును. అప్పటి కింకను నేల వెచ్చగనే, తడిగనే యుండును. గింజ వెంటనే మొలచినచో రెండు నెలలు తిరుగకముందే మంచు కురిసి లేతమొలక మాడిపోవును. కావున ప్రకృతి ఆ గింజలో నొక కట్టుబాటు నుంచినది. తడి గలిగిన చలి కొన్ని వారములు గడచినగాని ఆ గింజ మేల్కొనదు. చలి గడచెననగా వసంతము సమీపించెనన్న మాట. గింజకు కన్నులు లేకున్నను పంచాంగము తెలియును.

ఆ గింజలోపల జరుగు పని యిట్టిది. అబ్సిసిక్ ఆమ్లమను నొక పదార్థము గింజను నిద్రపుచ్చుచుండును. జిబ్బరెల్లిను అను వేఱొకటి మేలుకొల్పును. తడిచలిలో నున్నకొలది మొదటిదాని పట్టు సడలును, రెండవదాని బలము హెచ్చును. త్రాసు ఇటునుండి అటు మొగ్గినపుడు మొలక బయలుదేరును. ఇచ్చట రెండు నియమములు ముఖ్యములు. మొదటిది, గింజ తడిసియుండవలెను. ఎండు గింజను పొట్లముగట్టి ఎన్నినెలలు చలిలో నుంచినను దాని నిద్ర తీఱదు. రెండవది, చలి మితముగ నుండవలెను. 3 మొదలు 5 డిగ్రీల వఱకు తగినది. గడ్డకట్టు చలిలో నీ పని సాగదు. ఇంకొక విశేషము: గడువు ముగియకముందే గింజను తీసి వారముల తరబడి వేడిలో నుంచినచో, తీఱిన నిద్ర కొంత మరల వచ్చి చేరును. అప్పుడు చలి మరల మొదటినుండి కావలసి రావచ్చును.

ఐరోపా తోటమాలు లీ సంగతి నెన్నడో కనిపెట్టి, పెట్టెలో నొక వరుస తడియిసుక, ఒక వరుస గింజలు, మరల నొక వరుస యిసుకగా పేర్చి చలికాలమంతయు బయట నుంచెడివారు. వరుసలుగా పేర్చుటను బట్టియే దీనికి స్ట్రాటిఫికేషను అను పేరు వచ్చినది. దాని మర్మమును శాస్త్రరీతిని పరీక్షించినవారిలో ఇరువురు స్త్రీలుండుట మనకు సంతోషము గలిగించు విషయము. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున యాంకర్స్ పట్టణమునందుండిన బాయిస్ థాంప్సన్ పరిశోధనాలయమున లేలా బార్టను అను విదుషి, విలియం క్రాకరుతో గూడి ఆపిలు, గులాబి మొదలగు కుటుంబపు విత్తనముల నిద్రను పరిశోధించి 1931లో ఫలితములు ప్రకటించెను. అచ్చటనే ఫ్లారెన్సు ఫ్లెమియను 1934లో వేఱొక చిత్రమును చూపెను. చలి పెట్టకయే పీచి, ఆపిలు గింజల పెంకు నొలిచి లోని పప్పును బలవంతముగ మొలిపించినచో మొలక వచ్చును గాని, ఆ మొక్క కణుపులు దగ్గఱపడి మరుగుజ్జుగ నుండిపోవును. అట్టి మరుగుజ్జునే కొంతకాలము చలిలో నుంచినచో తక్కినవానివలె సాగి పెరుగును. అనగా పెంకులోపలి శిశువునకే యా చలి కావలసియున్నది, పెంకు నొలిచి తప్పించుకొన వీలులేదు.

మేలుకొల్పు పదార్థమగు జిబ్బరెల్లిను మన వరిచేలకు సంబంధించిన కథతోనే బయటపడినది. వరిచేనులో నక్కడక్కడ కొన్ని మొక్కలు తక్కినవానికన్న పొడవుగా, పాలిపోయి, బక్కగా పెరిగి, గింజ పట్టకయే చచ్చుట మీలో పలువురు చూచియుందురు. అది యొక బూజువలన గలుగు తెగులు. ఆ బూజు స్రవించు పదార్థమే మొక్క నట్లు సాగదీయుచున్నదని 1926లో ఎయిచి కురొసావ అను జపానుదేశీయుడు కనుగొనెను. యబుత అను మఱియొక శాస్త్రజ్ఞుడు 1935లో దానికి జిబ్బరెల్లిను అని పేరు పెట్టెను. పిమ్మట నా పదార్థము తెగులు సోకని మొక్కలలోను, గింజలలోను సహజముగనే యుండునని తేలినది. నేడు విత్తనములను మొలిపించుటకు నర్సరీలవారు దీనిని వాడుచున్నారు.

పిల్లలకు వేడుకగా చూపదలచినవారు ఇంటిలోనే ఆపిలుగింజలను మేల్కొలుపవచ్చును. పండినపండునుండి నల్లబడిన నిండుగింజలను తీసి, జిగురు పోవునట్లు కడిగి, ఒక పగలు ఒక రాత్రి నీట నానవేయవలెను. తడిపి గట్టిగ పిండిన నూలుగుడ్డలోగాని, తడిపొడిగానున్న కొబ్బరిపీచు పొట్టులోగాని వానిని పొదిగి, మూతగల చిన్నడబ్బాలో నుంచి, ఆ మూతకు రెండు మూడు సన్నని బెజ్జములు చేయవలెను. గింజయు ఊపిరి పీల్చునది గదా! ఆ డబ్బాను ఫ్రిజ్జు క్రిందియరలో, కూరగాయలుంచు తావున పెట్టవలెను. మంచుగడ్డలు కట్టు పై అరలో పెట్టరాదు. వారమున కొకసారి విప్పిచూచి, బూజు పట్టినవానిని తీసివేసి, గుడ్డ ఆఱినచో నాలుగు చుక్కలు నీరు చిలుకరింపవలెను. రెండు మొదలు మూడు నెలలలో తెల్లనివేరు కన్పట్టును. అప్పుడు కుండీలో అర అంగుళములోతున నాటవలెను. మనకు వచ్చు పండ్లు శీతలగిడ్డంగులలో పలునెలలు నిలువయుండి వచ్చినవి కావున, కొన్నిటిలోని గింజలకు చలిగడువు అక్కడనే కొంత తీఱియుండును. ఒక్కొక్కపుడు పండు కోయగనే లోపల మొలచిన గింజ కనబడుటకు కారణ మిదియే.

అయినను ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. గింజ మొలచుట వేఱు, చెట్టు కాచుట వేఱు. గింజకు కావలసిన చలి వేఱు, పెరిగిన చెట్టు మొగ్గలకు ఏటేట కావలసిన చలి వేఱు. ఆపిలుచెట్టు ఆకు రాల్చి నిద్రించును. కాశ్మీరమునందు పండు సామాన్యజాతులకు 7 డిగ్రీలకు దిగువనుండు చలి వందలకొలది గంటలు, కొన్నిటికి వేయి గంటలదాకను, తగిలినగాని మొగ్గలు సరిగా విచ్చవు. మన బందరు తీరమున జనవరి రాత్రులయందును సాధారణముగ 18, 20 డిగ్రీల వెచ్చదన ముండును. ఫ్రిజ్జులో గింజను పెట్టవచ్చును గాని, చెట్టును పెట్టలేము గదా! పైగా ఆపిలుగింజనుండి పుట్టిన చెట్టు తల్లిపండువంటి పండు నీయదు. కావుననే ఆ దేశములయందును అంటుమొక్కలనే నాటుదురు.

స్వల్పమైన చలితో సరిపుచ్చుకొను ఆపిలుజాతులు కొన్ని గలవు. హిమాచలప్రదేశమున బిలాస్పూరు జిల్లాకు చెందిన హరిమన్ శర్మ అను రైతు, ఆపిలు పండదనుకొన్న పల్లపు భూములలో పండునట్టి హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 అను జాతిని పెంపొందించెను. ఆయనకు 2025లో పద్మశ్రీ బిరుద మీయబడెను. తెలంగాణమున కెరమెరి ప్రాంతమున నొక రైతు ఆపిలు కాయించిన వార్త 2020లో పత్రికలలో వచ్చెను. విశాఖమన్యములోని లంబసింగివంటి చలితావులలోను ప్రయత్నములు జరిగినవి. అవన్నియు జాతి నెఱిగి, అంటు తెచ్చి, తావు చూచి చేసిన కృషులు. పేరు తెలియని ఆపిలుమొక్కను బండిమీద చూచి వందలు పోసి కొని, ఉప్పుగాలి తగులు మన పెరటిలో నాటి, ఐదేండ్లు నీరు పోసి కాపునకై యెదురుచూచుట వివేకము కాదు. ఆ తావున నొక జామ నాటిన రెండు మూడేండ్లకే పిల్లలచేతికి కాయ యందును.

ఇక కుంభకర్ణులు. ఇవి మన పెరళ్లలోనే యున్నవి. రేగు, ఉసిరి, చింత, సీతాఫలము ఈ కోవకు చేరినవి. వీనికి చలితో పనిలేదు. రేగుగింజకు రాతివంటి టెంక యడ్డము. ఆ టెంకను రోటి యంచుననుంచి లోని పప్పు నలుగకుండ మెల్లగ సుత్తితో తట్టి పగులగొట్టినచో వారము పదిదినములలో మొలచును. టెంకతోనే పాతినచో నెలయు, అంతకు మించియు పట్టును. చింతగింజ తోలు నీటిని లోనికి రానీయదు. ప్రక్కగా గరుకురాతిపై కొంచెమరుగదీసి గాని, కాగి దింపి కొంత చల్లాఱిన నీటిలో నొకదినము నాననిచ్చి గాని నాటవలెను. ఉబ్బిన గింజలు మొలచును, ఉబ్బనివానిని మరల గీయవలెను. ఉసిరికాయలను పండనిచ్చి యెండబెట్టినచో, ఆ యెండకు టెంకయే పిట్లి ఆఱుగింజలను బయటపెట్టును. వానిని పూటసేపు నానవేసి, నీట మునిగినవానినే నాటవలెను. సీతాఫలపు గింజలో పెంకు బిరుసే గాక, లోని శిశువు మిక్కిలి చిన్నది. దానికి పెరుగుటకు వ్యవధి కావలెను. క్రొత్తగింజకన్న కొన్ని నెలలు నిలువయున్న గింజ మేలుగ మొలచును. రెండు మూడు దినములు నానవేసి నాటినను నెలకు పైగా ఓపిక పట్టవలెను.

ఈ యుపాయములు మన పెద్దలకు క్రొత్తవి కావు. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమను నధ్యాయము కలదు. విత్తనములను పదిదినములు పాలలో నానవేయుట, నేయి రాచిన చేతులతో పుణుకుట, పేడలో దొర్లించుట, పొగవేయుట అందు చెప్పబడినవి. చింత, వెలగలకు ప్రత్యేకవిధులును గలవు. అనగా చింతగింజ బిరుసైనదని, దానికి తక్కినవానికన్న నెక్కువ సంస్కారము వలయునని ఆ నాటికే యెఱుగుదురు. పొగలోని యొక పదార్థము కొన్ని జాతుల విత్తనములను మేల్కొలుపునని 2004లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులును ప్రకటించిరి. పెద్దలు చెప్పిన ప్రతివిధియు ఋజువైనదని నేననుట లేదు. నానబెట్టుటయు, గీయుటయు ఏల పనిచేయుచున్నవో మాత్ర మిప్పుడు మనకు స్పష్టముగ తెలియును.

మూడవ తెగ, నిద్ర యెఱుగని లక్ష్మణులు. మామిడి, పనస, నేరేడు ఈ తెగవి. పండు రాలునప్పటికే వీని గింజలో శిశువు మేల్కొనియుండి, నీటితో నిండి, మొలకకు సిద్ధముగ నుండును. ఎండినచో చచ్చును, చలి తగిలినను చచ్చును. ఉష్ణదేశపు ఇట్టి విత్తనములలో ననేకము 10, 15 డిగ్రీలకు దిగువ చలిని సహింపలేవు. ఫ్రిజ్జులో నుండు 4 డిగ్రీలు వానికి ప్రాణాంతకము. నేరేడుగింజ రెండు వారములకు మించి నిలువదు. పనసగింజ తడియాఱకుండ నీడ నుంచినచో నెలదినములు నిలుచును. మామిడిటెంకయు నాలుగు వారములలోపల నేలకు చేరవలెను. ఆపిలుగింజ నిద్రలో నున్నది కావున చలి దానికి పానుపైనది. మామిడిజీడి మేలుకొనియున్నది కావున అదే చలి దానికి మృత్యువైనది. ఉత్తరము వ్రాసిన సోదరి మొదటి ప్రశ్నకు సమాధాన మిదియే.

విత్తనములు రెండు తెగలని, ఎండబెట్టి చల్లగ నుంచిన కొలది యాయువు పెరుగునవి యొకటి, అట్లు చేసినచో మరణించునవి మఱియొకటి యని 1973లో రాబర్ట్సు అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు విభజించి పేళ్లు పెట్టెను. తెనుగున జెప్పినచో మొదటివి ఆచారపరములు, రెండవవి అవిధేయములు. హైదరాబాదు చేరువ పటాన్‌చెరువులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థవారు జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ విత్తనములను సున్నకు 20 డిగ్రీల దిగువ చలిలో భద్రపఱచుచున్నారు. నార్వేదేశమున స్వాల్బార్డు ద్వీపసముదాయమున కొండను తొలిచి 2008లో తెఱచిన గిడ్డంగిలో ప్రపంచదేశముల ధాన్యములు అట్లే నిలువయున్నవి. కాని మామిడిని ఆ గిడ్డంగులలో నుంచ వీలులేదు. మామిడిజాతిని కాపాడవలెనన్నచో చెట్టుగనే కాపాడవలెను. సంగారెడ్డి ఫలపరిశోధనకేంద్రమున అనేక మామిడిరకములను చెట్లుగ పెంచి నిలుపుచున్న దిందులకే. మన పెరటి ముసలిమామిడియు ఆ లెక్కన ఒక భాండాగారమే. దానిని కొట్టినపిమ్మట ఏ పెట్టెలోను వెదకినను దొరకదు.

ఒక్కొక్క చెట్టున కొక్కొక్క తీరేల వచ్చినది? పండు రాలు నెలను, ఆ పిమ్మట వచ్చు ఋతువును జతపఱచి చూడుడు. మామిడి, పనస, నేరేడు వైశాఖ జ్యేష్ఠాషాఢములలో పండును. వెనువెంటనే తొలకరి. ఆలస్యము చేసిన విత్తునకే నష్టము, కావున నిద్ర లేదు. రేగు పుష్యమాఘములలోను, చింత ఫాల్గునచైత్రములలోను రాలును. ముందున్నవి మండువేసవులు. అప్పుడు మొలచినచో మాడిపోవును, కావున రాతిటెంకయు, బిరుసుతోలును కవచములు. సీతాఫలము వానలు వెనుకబట్టు ఆశ్వయుజ కార్తికములలో పండును. మఱుసటి వానలదాక నిలువవలెను, కావున నిద్ర. ఆపిలు మంచుకు ముందు రాలును, కావున మంచు గడచుదాక నిద్ర. ఎక్కడను అకారణముగ నిద్రించు విత్తు లేదు.

మన దివిసీమలో తాటిని మఱచి యీ ముచ్చట ముగింపరాదు. శ్రావణ భాద్రపదములలో రాలిన తాటిపండ్ల టెంకలను గుల్లయిసుకలో వరుసలు వరుసలుగా పేర్చి పాతర వేయుట మన గ్రామములలో నేటికిని గలదు. ఐరోపా తోటమాలి పెట్టెయు, మన తేగలపాతరయు చూపులకు ఒకటే. అచ్చట వరుసలలోనికి చలి చేరవలెను, ఇచ్చట వెచ్చదనమును తడియు చేరవలెను. తాటిమొలక మొదట పైకి రాదు, క్రిందికి దిగును. లోతైన తడిని పట్టుకొన్న పిదపనే ఆకు నెత్తును. టెంకలోపల బుఱ్ఱగుంజు పెరిగి, కొబ్బరివంటి ఆహారమును కరగించి క్రిందికి పంపును. ఆ యాహారము చేరి బలిసినదే సంక్రాంతినాటికి మనము త్రవ్వి కాల్చుకొను తేగ. దానిని చీల్చినపుడు పిల్లలు పోట్లాడుకొను చందమామ, రాబోవు తాటిచెట్టు తొలియాకు. పల్లెపిల్ల తినుచున్నది యొక శాస్త్రపాఠమే.

వరికిని కొద్దిపాటి నిద్ర కలదు. అది మన కన్నము పెట్టు నిద్ర. కార్తికమాసపు తుపానున కోతకు వచ్చిన చేను పడిపోయి నీట నానినపుడు, నిద్రలేని రకము గింజ వెన్నుననే మొలచి చేతికి రాకుండ పోవును. కొన్ని వారముల నిద్ర గల రకము ఆ నీటిని తట్టుకొని నిలుచును. క్రొత్తగా కోసిన వడ్లు విత్తుటకు వెంటనే మొలవలేదని విసుగుకొనునపుడు ఈ మేలును గుర్తుంచుకొనవలెను. వడ్ల నిద్రకు మందు చలి కాదు, ఎండయు, కాలమును.

ఇక ఆ సోదరి రెండవ ప్రశ్న. టెంకలు పోయినందులకు విచారము వలదు. అవి మొలచియున్నను ఆమె కోరినది చేకూరకపోయెడిది. మలబారు ప్రాంతపు కొన్ని మామిళ్లు తప్ప మన చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, బంగినపల్లివంటివి టెంకనుండి తల్లిపోలికను తప్పక తేవు. తండ్రిచెట్టేదో తెలియని బిడ్డ యేరుచి పుట్టునో చెప్పలేము. తల్లినే నిలుపవలెనన్నచో అంటు కట్టించవలెను. దానికి చెట్టు నిలిచియుండవలెను. చెట్టింకను నిలిచియున్నది గనుక నేమియు మించిపోలేదు. గాలిలో తేమయున్న యీ భాద్రపదము అంటులకు మంచి యదను. పెన్సిలు లావున ముదిరిన కొమ్మకొనలను నాలుగైదింటిని గుర్తించి, కోయుటకు వారము పదిదినములు ముందుగా వాని యాకులను కాడలుంచి కత్తిరింపవలెను. అప్పుడు కొనమొగ్గలు ఉబ్బును. ఆ పిదప జానెడు కొనలను కోసి, తడిగుడ్డలో చుట్టి, అదేదినమున నర్సరీకి చేర్చి, ఏడాది వయసుగల మామిడిమొలకలపై కట్టించవలెను. ఒకటి కాదు, పది కట్టించవలెను, కొన్ని పట్టకపోవుట సహజము. కట్టినవి చిగిర్చి నిలద్రొక్కుకొనుదాక పెరటిలో గొడ్డలి మాట తలపెట్టరాదు. ఇంటివారికి ఈ గడువు చెప్పి యొప్పించుట మన పని. చేయి తిరిగినవారు దొరకనిచో ఘంటసాలలోని కృషివిజ్ఞానకేంద్రమునగాని, నూజివీటి మామిడి పరిశోధనస్థానమునగాని అడిగినచో దారి చూపుదురు.

వచ్చు వేసవిని టెంకతో మొక్కలు పెంచగోరువారు, పండు తిన్న వారములోపలనే టెంకను కత్తితో నంచున విప్పి, పురుగు తొలవని జీడిని తీసి, వంపు పైకి వచ్చునట్లు, అంగుళములోతున పాతవలెను. రెండు మూడు వారములలో ఎఱ్ఱని యాకులు కనబడును. ఆ మొక్కలే మఱుసటి యేట అంటులకు మొదళ్లుగ నుపకరించును.

ఇకమీద ఏ విత్తనమైనను దాచదలచినపుడు, డబ్బా వెదకుటకు ముందు ఒక్క క్షణ మాలోచింపుడు: ఈ పండు ఏ నెలలో రాలును, అది రాలిన పిమ్మట వచ్చు ఋతు వేది? వానకు ముందు రాలినదైనచో దాచవలదు, నాటుడు. ఎండకు ముందు రాలినదైనచో దాచుడు, నాటునాడు గీసి నానవేయుడు. మంచుకు ముందు రాలినదైనచో తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో నుంచుడు. ఈ మూడు మాటలు వంటయింటి గోడమీద వ్రాసియుంచుకొన్నచో ఒక్క మంచివిత్తనమును వృథాగ పోదు.